సాగనంపు దారి

మన యిండ్లకు బంధువొకడు వచ్చును. రెండు గడియలు కూర్చుండి పంటలగూర్చియు, పిల్లల చదువులగూర్చియు, పెండ్లి సంబంధములగూర్చియు మాటలాడి లేచును. గృహస్థు చెప్పులు తొడుగుకొని వీథిచివరవఱకు సాగనంప బోవును. అంతవఱకు రాని అసలు సంగతి ఆ కొద్దిపాటి దారిలో బయటపడును. కొడుకు త్రాగుడు మరగినాడనియో, కూతురిని అత్తవారింట సరిగా చూచుకొనుట లేదనియో, తనకు రాత్రులు నిద్ర పట్టుట లేదనియో ఆ బంధువు తల వంచుకొని నడచుచునే చెప్పును. వీథిమొగ వచ్చినను మాట ముగియదు. ఇరువురును వెనుకకు తిరిగి ఇంటివఱకు వచ్చి, మరల వీథిమొగకు పోవుదురు. ఈ దృశ్యమును చూడని చదువరి యుండడని తలచెదము.

ఇంటిలో రెండు గడియలు చెప్పలేని మాటను ఆతడు వీథిలో ఎట్లు చెప్పగలిగెను? నేడు కొన్ని దేశములలో మనోవైద్యులు తమ గదులను విడిచి, బాధితునితో కలిసి తోటలలోను, నదీతీరములందును నడచుచు ఆతని కష్టసుఖములను వినుచున్నారు. కౌన్సెలింగు అని మనము వాడుచున్న పనిని ఆరుబయట చేయుట యన్నమాట. దీనిని కొందఱు క్రొత్త వింతయని మెచ్చుచున్నారు. కొందఱు గదియు తలుపును లేని వైద్యమేమి వైద్యమని శంకించుచున్నారు. చరిత్రను చూచినచో ఈ రెండును సరికావని తోచుచున్నది. నడచుచు మనసు విప్పుట మిక్కిలి ప్రాతది. కాని ఆ దారి అందఱకును సమముగా తెఱవబడలేదు. ఈ రెండవ మాటయే మేము ముఖ్యముగా చెప్పదలచినది.

మన గ్రంథములతోనే ఆరంభింతము. బృహదారణ్యకోపనిషత్తు మూడవ యధ్యాయమున జనకుని యజ్ఞసభ వర్ణింపబడినది. కురుపాంచాల బ్రాహ్మణులు కూడియుండిరి. కొమ్ములకు బంగారము కట్టిన వేయి గోవులు జ్ఞానాధికునకై నిలుపబడినవి. ఒక్కొక్కరే లేచి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించుచుండిరి. వారిలో ఆర్తభాగుడు మరణమునుగూర్చి యడిగెను. మనుష్యుడు చనిపోయినపుడు వాక్కు అగ్నిలోను, ప్రాణము వాయువులోను, చూపు సూర్యునిలోను లీనమగుచుండగా ఆ మనుష్యుడు ఎక్కడ నుండును అని ఆతని ప్రశ్న. తక్కిన ప్రశ్నలకు సభామధ్యముననే సమాధానములిచ్చిన యాజ్ఞవల్క్యుడు ఈ ప్రశ్నకు మాత్రము అట్లు చేయలేదు. తన చేయి పట్టుకొమ్మని ఆర్తభాగునితో చెప్పి, ఇది జనులలో మాటలాడదగినది కాదని, ఆతనిని వెలుపలికి తీసికొనిపోయెను. అక్కడ వారిరువురును కర్మమునుగూర్చి మాటలాడుకొనిరని మాత్రమే ఉపనిషత్తు చెప్పుచున్నది. ఆర్తభాగుడు మరల ప్రశ్నింపలేదు.

ఇది తత్త్వవిచారమే కాని దుఃఖనివారణ కాదని ఎవరైన ఆక్షేపింపవచ్చును. కాని మరణమునుగూర్చిన ప్రశ్న పండితుని నోట వచ్చినను దుఃఖములో పుట్టినదే. అదియునుగాక ఇక్కడ మనము గమనింపవలసినది వేఱొకటి. ఆ కాలమున ఏకాంతము తలుపు మూసిన గదిలో లేదు, వెలుపలనే యున్నది. మన పల్లెటూళ్ల యిండ్లను తలచుకొనినను ఇది తెలియును. నడవలో మాటలాడినది వంటయింట వినవచ్చును. వంటయింట మాటలాడినది పెరటిలో వినవచ్చును. ఇంటిలో గోడలున్నవి గాని మఱుగు లేదు. వెలుపల గోడలు లేవు గాని మఱుగు కలదు.

గ్రీకుదేశమందును ఇట్టిదే యొక ఉదాహరణము కలదు. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమున ప్లేటో రచించిన ఫీడ్రస్ అను సంవాదములో, ఆ పేరుగల యువకుడు ఉదయమంతయు ఒకచోట కూర్చుండి యలసి, నగరప్రాకారమునకు వెలుపల నడువబోవుచుండును. స్తంభముల మంటపములలో నడచుటకంటె బయలుదారులలో నడచుట బడలిక తీర్చునని ఒక వైద్యుడు ఆతనికి చెప్పియుండెను. సోక్రటీసు ఆతనికి తోడై ఇలిస్సస్ అను సెలయేటి వెంట నడచి, చెట్టునీడను కూర్చుండి, ప్రేమనుగూర్చియు ఉన్మాదమునుగూర్చియు మాటలాడును. అయితే సోక్రటీసు ప్రకృతికి దాసుడు కాడు. చెట్లును పొలములును తనకు ఏమియు నేర్పవనియు, నగరములోని మనుష్యులే నేర్పుదురనియు ఆయన యభిప్రాయము. ఈ మాటను మఱువరాదు. చెట్టు ఓదార్చునని చెప్పుట సులభము. కాని చెట్టుక్రింద తోడుగా నున్న మనుష్యుడు వినకపోయినచో చెట్టు ఏమి చేయగలదు?

ఇక వైద్యచరిత్రకు వత్తము. 18వ శతాబ్దమువఱకు ఐరోపాలో పెక్కుచోట్ల మనోవ్యాధిగ్రస్తులను గొలుసులతో కట్టి చీకటికొట్లలో నుంచుచుండిరి. 1790వ సంవత్సరమున ఇంగ్లాండులోని యార్కు నగరపు పిచ్చాసుపత్రిలో హన్నా మిల్స్ అను వితంతువు చనిపోయెను. ఆమె క్వేకరు మతస్థురాలు. ఆమెను చూడబోయిన ఆ మతస్థులను ఆసుపత్రివారు లోనికి రానీయలేదు. లోపల ఏమి జరిగెనో ఎవరికిని తెలియలేదు. దీనికి కలతచెందిన విలియం ట్యూకు అను తేయాకు వర్తకుడు తన మతస్థుల సాయముతో 1796లో అదే నగరమున రిట్రీటు అను ఆశ్రయమును స్థాపించెను. ఎత్తైన నేలమీద, తోటలనడుమ కట్టిన ఆ గృహములో గొలుసులు లేవు. రోగులు తోటపని చేయుచుండిరి. పరిచారకులతో కలిసి వెలుపల నడచుచుండిరి. పెరళ్లలో కుందేళ్లను, కోళ్లను పెంచుచుండిరి. ట్యూకు మనుమడైన సామ్యూలు ట్యూకు 1813లో ఆ సంస్థ చరిత్రను ప్రకటించిన పిదప ఈ పద్ధతి ఇతర దేశములకును ప్రాకెను. మనోవ్యాధిగ్రస్తుడు మనుష్యుడే యనియు, ఆతనితో మాటలాడవచ్చుననియు, ఆతనికి వెలుతురును నడకయు అవసరమనియు వైద్యలోకమునకు నచ్చజెప్పినవారిలో ఈ వర్తకుడొకడు.

ఆ పిమ్మట నూరేండ్లకు వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడు పుట్టించిన మాటల వైద్యమునకు గదియే గుఱుతై నిలిచినది. తివాచీ పఱచిన శయ్యమీద రోగి పండుకొనును. వైద్యుడు ఆతని తలవైపున, కంటికి కనబడకుండ కూర్చుండును. ఈ యేర్పాటునకు కారణములు చెప్పుచు ఫ్రాయిడు 1913లో ఒక వ్యాసమున ఒక చిన్న సంగతి నొప్పుకొనెను. దినమునకు ఎనిమిది గంటలు ఇతరులు తన ముఖమునే చూచుచుండుట తనకు దుర్భరమట. ఈ మాటలో గొప్ప సత్యమున్నదని మాకు తోచుచున్నది. కన్నులు కలియకున్నపుడు నోరు తెఱచుకొనును. శయ్య చేయు పనియు నడక చేయు పనియు ఇచ్చట ఒకటే. ప్రక్కప్రక్కన నడచువారు ఒకరి ముఖము నొకరు చూడనక్కఱలేదు. మౌనము వచ్చినను అది తప్పుగా నుండదు; అడుగుల చప్పుడు దానిని నింపును.

గదికి ప్రసిద్ధుడైన ఆ ఫ్రాయిడే ఆరుబయట చేసిన వైద్యములు మూడు చరిత్రలో నిలిచియున్నవి.

మొదటిది 1893లో జరిగినది. వేసవి సెలవులలో ఆల్ప్స్ పర్వతములలో ఒక శిఖరమెక్కి, అచ్చటి సత్రములో భుజించి, ఆయన దూరపు కొండలను చూచుచు కూర్చుండెను. భోజనము వడ్డించిన పదునెనిమిదేండ్ల పడుచు దగ్గఱకు వచ్చి, తమరు వైద్యులా యని యడిగెను. సత్రపు పుస్తకములో ఆయన వ్రాసిన పేరును ఆమె చూచియుండెను. ఊపిరి యాడకపోవుట, ఎవరో వెనుకనుండి పట్టుకొందురను భయము, కన్నుల యెదుట ఒక భయంకరమైన ముఖము కనబడుట ఆమె బాధలు. మాటమీద మాట రాగా ఇంటిలో తాను చూచినదియు, ఆ మనుష్యుడే అంతకుముందు తనను చెఱుపయత్నించుటయు ఆమె చెప్పుకొనెను. 1895లో అచ్చైన గ్రంథములో ఫ్రాయిడు ఆమెకు కతరీనా అను మాఱుపేరు పెట్టి, ఆ దుష్టుడు ఆమె పినతండ్రియని వ్రాసెను. 1924లో ఒక క్రిందివ్రాత చేర్చి, ఆతడు పినతండ్రి కాడనియు, తండ్రియే యనియు ఒప్పుకొనెను. ఆ మాటలాట పిదప ఆయన ఆమెను మరల చూడలేదు. కొండగాలిలో ఒక్కమాఱు వినబడిన ఆ గొంతు చరిత్రలోనికి వచ్చినది. ఆ బాలిక మాత్రము మరల తన పాత్రలకడకే పోయినది.

రెండవది 1909లో జరిగినది. మాక్స్ ఐటింగాన్ అను యువవైద్యుడు వియన్నాకు వచ్చి, వారమునకు రెండుమాఱులు సాయంకాలమున ఫ్రాయిడుతో వీథులలో నడచుచు తన మనస్సును విమర్శింపజేసికొనెను. మనోవైద్యుడు కాదలచినవాడు తానును ముందు రోగివలె తన్ను తాను తెలిసికొనవలెనను నియమము తరువాత ఏర్పడినది. ఆ నియమమునకు మొదటి రూపము ఈ సాయంకాలపు నడకయేయని చరిత్రకారులు చెప్పుదురు.

మూడవది మిక్కిలి ప్రసిద్ధము. 1910 ఆగస్టులో గుస్తావ్ మాలెర్ అను సంగీతకర్త ఫ్రాయిడును చూడగోరెను. మాలెరునకు అప్పటికి ఏబదియేండ్లు. యూరపు సంగీతలోకమున ఆయన పేరు మాఱుమ్రోగుచుండెను. కాని ఇంట ఆయన భార్యయైన ఆల్మా మనస్సు మఱియొకనియందు లగ్నమైనదని ఆ వేసవిలోనే ఆయనకు తెలిసినది. వైద్యుని చూడవలెనని దినము కుదుర్చుకొనుటయు, వలదని తంతి పంపుటయు మాటిమాటికి జరిగెను. తుదకు ఆగస్టు 26వ తేదీని, హాలండులో సెలవులు గడపుచున్న ఫ్రాయిడు సముద్రతీరమునుండి లైడెను నగరమునకు రాగా, వారిరువురును అచ్చట కలిసికొని, కాలువల యొడ్డున వీథివెంట వీథి నాలుగు గంటలు నడచిరి.

ఆ నడకలో మాలెరు తన బాల్యమునాటి సంగతి యొకటి జ్ఞప్తికి తెచ్చుకొనెనట. తండ్రి తల్లిని కష్టపెట్టుచుండెడివాడు. ఒకనాడు వారి కలహమును చూచి సహింపలేక ఆ బాలుడు వీథిలోనికి పరుగెత్తెను. ఆ క్షణముననే వీథిలో ఒకడు చేతియంత్రముపై ఒక చౌకబారు పాటను వాయించుచుండెను. మహాదుఃఖమును అల్పమైన వినోదమును తన సంగీతములో ఎల్లపుడు ఏల కలిసిపోవుచున్నవో అప్పుడు తనకు తెలిసినదని ఆయన చెప్పెనట. ఇల్లు విడిచి వీథికి పరుగెత్తిన బాలుడు ఏబదియవ యేట మరల వీథిలోనే ఆ దుఃఖమును చెప్పుకొనుట గమనింపదగినది. పెక్కేండ్ల పిదప, 1935లో ఫ్రాయిడు ఆ దినమును తలచుకొని, ఒక గూఢమైన భవనములో ఒక్క సన్నని సొరంగము త్రవ్వినట్లే తానచట చేసినదని వినయముతో వ్రాసెను. మాలెరు ఊరటతో ఇల్లు చేరెను. 1911 మే 18వ తేదీని ఆయన మరణించెను. ఆ తరువాత ఫ్రాయిడు ఆ నాలుగు గంటల సంప్రదింపునకు ఆయన ఆస్తినిర్వాహకునికి రుసుము పత్రమును పంపెను. అనగా అది షికారు కాదు, వైద్యమే.

చదువరులారా! ఇంతవఱకు కథ మనోహరముగనే యున్నది. కాని ఆ లైడెను వీథులలో లేని మనుష్యురాలొకతె యున్నది. ఆమె ఆల్మా. ఆమెయు సంగీతరచన నేర్చినదే. 1901 డిసెంబరులో, పెండ్లికి ముందు, మాలెరు ఆమెకు దీర్ఘమైన లేఖ వ్రాసి, ఇంటిలో సంగీతకర్త ఒక్కడే యుండవలెననియు, ఆమె తన రచనలను మానుకొనవలెననియు కోరెను. ఆమె యొప్పుకొనెను. 1902లో వివాహమయ్యెను. 1907లో వారి పెద్దకూతురు మరణించెను. 1910 వేసవిలో నలిగిన మనస్సుతో ఆల్మాను ఒక స్నానచికిత్సాలయమునకు పంపిరి. ఆమె నడవడిని మేము సమర్థింప బోము. కాని భర్త దుఃఖమును వినుటకు ఆ కాలపు మహావైద్యుడొకడు సెలవులను విడిచి వచ్చి నాలుగు గంటలు తోడు నడచెను. ఎనిమిదేండ్లు తన విద్యను మూటగట్టి యుంచిన భార్య దుఃఖమును వినుటకు ఎవరు నడచిరి? ఆ సంక్షోభదినములలోనే మాలెరు ఆమె ప్రాతపాటలను బయటికి తీసి చూచి, వాని విలువను గుర్తించి, ఐదింటిని ఆ సంవత్సరమే అచ్చొత్తించెను. ఆలస్యముగా వచ్చినను అది న్యాయమే. మొదటినుండియు ఆమె మాట విన్నవారుండినచో ఆ యింటి కథ ఎట్లుండెడిదో!

ఇది ఒక్క యింటి కథయైనచో మేము వ్రాయకపోదుము. ఆ కాలపు వైద్యమే రెండు దారులు పఱచినది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున సైలస్ వియర్ మిచెల్ అను నరములవైద్యుడు మిక్కిలి పేరుగాంచినవాడు. మనస్సు నలిగిన స్త్రీలకు ఆయన విశ్రాంతిచికిత్స నిర్ణయించుచుండెను. ఆఱు వారములో రెండు మాసములో మంచముమీదనే యుండవలెను. ఇంటివారిని చూడరాదు. పాలు మున్నగు బలమైన ఆహారము పెట్టుదురు. చదువుటయు వ్రాయుటయు కూడదు. అదే వైద్యుడు మనస్సు నలిగిన పురుషులను పడమటి బయళ్లకు పంపుచుండెను. గుఱ్ఱమెక్కుడు, వేటాడుడు, ఆరుబయట పరుండుడు, చూచినది వ్రాసికొనుడు అని వారికి చెప్పుచుండెను. ఓవెన్ విస్టరు అను యువకుడు 1885లో ఆయన సలహాపై వయోమింగునకు పోయి, ఆరోగ్యమును పొంది, ఆ దేశమునుగూర్చి వ్రాసిన నవలతో 1902లో ప్రఖ్యాతుడయ్యెను. థామస్ ఈకిన్స్ అను చిత్రకారుడు 1887లో డకోటా బయళ్లలో కొంతకాలముండి కోలుకొనెను.

ఆ 1887లోనే ప్రసవానంతరము విషాదముతో క్రుంగిన షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ అను రచయిత్రి అదే మిచెల్ వద్దకు పోయెను. ఇంటిపని చూచుకొనుచు, శిశువును దగ్గఱనుంచుకొని, కలమును జీవితములో ముట్టవలదని ఆయన ఆమెను పంపెను. కొలది మాసములకు ఆమె ఉన్మాదపుటంచునకు చేరెను. పిమ్మట ఆ యుపదేశమును విడిచి, తన పని తాను మొదలుపెట్టి కోలుకొని, 1892లో పసుపుపచ్చని గోడకాగితముగల గదిలో బంధింపబడిన స్త్రీనిగూర్చి ఒక కథను ప్రకటించెను. అలసిన శరీరమునకు విశ్రాంతి మేలు చేయదని మేమనము. కాని ఒకే రోగము, ఒకే వైద్యుడు; పురుషునకు బయలు, స్త్రీకి మంచము. ఈ భేదమునకు శరీరశాస్త్రములో ఆధారమేమియు లేదు. స్త్రీ ఇంటిదను తలంపే ఔషధమై ఆమె నోట పోయబడినది.

మిచెల్ పురుషులకు తెఱచిన దారి 20వ శతాబ్దములో కొంతవఱకు అందఱకును తెఱవబడినది. 1970ల దశకమున కాలిఫోర్నియాలోని సాన్ డియేగోలో థాడియస్ కోస్ట్రుబాలా అను మనోవైద్యుడు తన రోగులతో కలిసి పరుగెత్తుచు చికిత్స చేసి, 1976లో ఆ విషయమున గ్రంథము ప్రకటించెను. పరుగు నెమ్మదించి నడకయైనది. జపానులో 1982లో అడవిలో మెల్లగా తిరుగుటకు వనస్నానమను పేరు పెట్టి ప్రభుత్వపు అటవీశాఖయే ప్రచారము చేసినది. శాస్త్రపరీక్షలును జరిగినవి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 2014లో ప్రకటించిన పరిశోధనలో, కూర్చున్నవారికంటె నడచువారికి క్రొత్త తలంపులు ఎక్కువగా తోచినవి. బోడిగోడ కెదురుగా యంత్రముమీద నడచినను ఆ ఫలము కనబడినది. 2015లో అక్కడివారే 38 మందిని పరీక్షించిరి. పచ్చని ప్రదేశమున 90 నిమిషములు నడచినవారిలో దిగులును మరల మరల నెమరువేయు గుణము కొంత తగ్గినది. రద్దీ బాటప్రక్కన నడచినవారిలో తగ్గలేదు. 38 మంది చిన్న సంఖ్యయే. దీనిని బట్టి నడకయే సర్వరోగనివారణమని చాటుట తగదు. అయినను అనుభవము చెప్పుచున్నదానికి శాస్త్రము ఎదురుచెప్పలేదని మాత్రము తెలియుచున్నది.

ఆరుబయట చేయు ఈ వైద్యమునకు చిక్కులును కలవు. దారిలో తెలిసినవారు ఎదురైనచో ఏమి చెప్పవలెను? కన్నీరు వచ్చినపుడు ఎక్కడ ఆగవలెను? కాలు నడువనివారి గతి యేమి? మంచి వైద్యులు ఈ ప్రశ్నలను నడక మొదలుపెట్టకముందే బాధితునితో మాటలాడి, దారిని, వేళను, కాలపరిమితిని ఒడంబడికగా నిర్ణయింతురు. మన దేశమున 2017వ సంవత్సరపు మానసికారోగ్యచట్టము రోగి రహస్యమును కాపాడుటను ఆతని హక్కుగా చేసినది. ఆ హక్కు గదికి సంబంధించినది కాదు; మనుష్యునికి సంబంధించినది. గోడలు చేయు కాపలాను వెలుపల వైద్యుని నోరే చేయవలెను.

ఇపుడు మా యనుభవమొకటి విన్నవింతుము. మేము ఇరువది యేండ్లకు పైగా పాఠములు చెప్పుచున్నాము. ఒక సంవత్సరము పదవ తరగతిలో తెలివిగల బాలుడొకడు ఆకస్మికముగా వెనుకబడెను. ఉపాధ్యాయుల గదికి పిలిచి కారణమడిగితిమి. ఆతడు గోడవంక చూచుచు నిలిచెను. వారము దినములకు సాయంకాలము కాలువగట్టుమీద ఆతడెదురై మాతో నడచెను. మేమేమియు నడుగలేదు. లాకులు చేరులోపల ఆతడే, తండ్రి అప్పులపాలైనాడనియు, తన్ను చదువు మాన్పించి దుకాణములో పెట్టదలచినారనియు చెప్పెను. తండ్రితో మాటలాడితిమి. బాలుడు పరీక్షకు కూర్చుండెను.

మఱు సంవత్సరమే ఒక బాలిక అట్లే మౌనము వహించెను. ఆమెనును ఉపాధ్యాయుల గదికే పిలిచితిమి. మఱి ముగ్గురు ఉపాధ్యాయులు అక్కడ కాగితములు దిద్దుచుండిరి. అందఱి యెదుట, ఏమమ్మా నీ బాధ యని యడిగితిమి. ఏమియు లేదండీ యని ఆమె తల వంచుకొని పోయెను. కాలువగట్టు మాకు తెలియును. కాని ఆమెతో అచట నడచినచో ఊరు ఏమనునో అదియు తెలియును. అనునది మమ్ము కాదు, ఆమెనే. ఒక నెలకు ఆమె బడి మానెను. పెండ్లి చేసి పంపివేసినారని తరువాత తెలిసినది. బాలునకు దొరకిన అర్ధగంట నడక ఆమెకు దొరకియుండినచో ఏమయ్యెడిదో చెప్పలేము. చెప్పుటకు ఆమెకు దారి యుండెడిది, అంతమాత్రము నిశ్చయము. ఆ దారిని వేఱు విధముగ నేర్పఱచుట అప్పుడు మాకు తోచలేదు. ఆ దోషము మాది. నాటినుండి మా తోటి ఉపాధ్యాయిని యొకరు మధ్యాహ్నవిరామమున ఆటస్థలము చుట్టు నడచుచుందురు. మాటలాడదలచిన బాలిక ఆమెతో కలిసి నడువవచ్చును. ఎవరిని పిలువరు, ఎవరిని ఏల యని అడుగరు.

పూర్వము మన స్త్రీలకు ఇట్టి దారి యొకటి యుండెడిది. అది నీళ్లకు పోవు దారి. బిందెలు చంకనెత్తుకొని చెఱువుకో ఏటికో పోవు కోడండ్రు అత్తగారి చెవి సోకని ఆ దూరములో తమ కష్టములను ఒకరితో నొకరు చెప్పుకొనుచుండిరి. ఇండ్లకు కుళాయిలు వచ్చినవి. బరువు తగ్గినందులకు సంతోషింపవలసినదే. ఆ బరువును, ఆ దారిలో కొందఱు స్త్రీలను నీటిరేవునకే రానీయని కులదురాచారమును ఎవ్వరును మరల కోరరు. కాని బిందెతోపాటు దారియు పోయినది. దానికి బదులుగా మనము వారికి ఏ దారి నిచ్చితిమి? పురుషుడు మనస్సు బాగులేక అట్లు తిరిగి వత్తుననగా ఎవ్వరును ప్రశ్నింపరు. కోడలు అదే మాట అనినచో ఇంటిల్లిపాదియు, ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అని యడుగుదురు. లేక, తలనొప్పియైన లోపల పండుకొమ్మందురు. మిచెల్ వైద్యుడు మన యిండ్లకు రాకయే ఆయన చికిత్స మన యిండ్లలో జరుగుచున్నది.

కాళిదాసు శాకుంతలము నాలుగవ యంకమున, ప్రియజనమును నీటియొడ్డువఱకు సాగనంపవలెనను ఆచారమును శార్ఙ్గరవుడు గుర్తుచేయగా, కణ్వుడు చెట్టునీడను నిలిచి కూతురికి హితము చెప్పును. ఆ నాటకములో అంతటి ఆర్ద్రమైన ఘట్టము మఱియొకటి లేదు. అయినను చెప్పినది ఎక్కువగా తండ్రియే. మన యిండ్లలో నేటికిని సాగనంపునపుడు ఆడబిడ్డకు చెప్పువారే గాని ఆమె చెప్పునది వినువారు తక్కువ. వినుటయే ఈ వైద్యమునకు ప్రాణము. నడచునపుడు త్వరపడి బుద్ధులు చెప్పరాదు; విన్నది ఇంటికి తెచ్చి నలుగురితో పంచుకొనరాదు. నిద్రాహారములు మానినవారిని, చావునుగూర్చి మాటలాడువారిని నడకతో సరిపెట్టక తప్పక వైద్యునికడకు తీసికొనిపోవలెను.

ఈ సంచిక చేతబట్టిన గృహస్థులను మేము కోరునది పెద్దకార్యము కాదు. మీ యింట కూతురో, కోడలో, చెల్లెలో కొన్ని దినములుగ మాట తగ్గించి యున్నచో, నలుగురిలో కూర్చుండబెట్టి ప్రశ్నింపకుడు. ఆమెకు ఇష్టమైన తోడుతో, అది తల్లియైనను స్నేహితురాలైనను అన్నయైనను సరే, సాయంకాలము చెఱువుగట్టువఱకో గుడివఱకో పోయి రమ్మనుడు. ఎందుకని అడుగకుడు. తిరిగి వచ్చిన పిదప ఏమి మాటలాడితిరని అసలే అడుగకుడు. వారు వీథిమొగవఱకు పోయి మరల వెనుకకు తిరిగినచో, అన్నము చల్లారుచున్నదని పిలువకుడు. ఇంకొకమాఱు తిరిగి రానిండు.